ఊరు నాందేడ్‌ది... రేడియో హైదరాబాద్‌ది!

గీత గీసినా ఆగని అల
దక్కన్ రేడియో నుంచి ఎఫ్‌ఎం దాకా... మంజీర ఒడ్డున తెలుగు వినిపించిన పెట్టె కథ

సగరోళి (నాందేడ్ జిల్లా): మంజీరకు ఇవతలి ఒడ్డు మహారాష్ట్ర. అవతలి ఒడ్డు తెలంగాణ. నడుమ ఇసుక మేటలు, ఎండాకాలమైతే మోకాలి లోతు నీళ్లు. బిలోలి తాలూకాలోని సగరోళికి సర్కారు కాగితం మరాఠీలో వస్తుంది. బస్సు బోర్డు మరాఠీ. పిల్లల బడి మరాఠీ. కానీ ఈ పట్టీలో ఎన్నో ఇళ్లలో పొయ్యి దగ్గర మాట తెలుగు. ఇంటిపేరు చివర 'వార్' అని ఉంటే చాలు, 'మనోళ్లే' అని గుర్తుపట్టేస్తారు.

ఇక్కడో చిక్కు ఉంది. తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే. తెలుగు అక్షరం చదవగలిగేవాళ్లు తక్కువ. నిజాం కాలంలో చదువుకున్న తాతకు ఉర్దూ వచ్చు. ఆ తర్వాత బడికి పోయిన కొడుక్కి మరాఠీ వచ్చు. ఇద్దరికీ తెలుగు నోటికే గానీ కంటికి తెలియదు. తెలుగు పేపరు ఇంటికొచ్చినా పొట్లాలు కట్టడానికే! అలాంటి ఇళ్లకు దశాబ్దాల పాటు తెలుగు వార్త, తెలుగు నాటకం, తెలుగు హరికథ మోసుకొచ్చింది ఒక్కటే... రేడియో. దానికి అక్షరంతో పనిలేదు. చెవి ఉంటే చాలు.

రాష్ట్రాలు విడగొట్టినవాళ్లు తాలూకాలను చీల్చారు, సర్కిళ్లను చీల్చారు. గాలిలో వచ్చే మాటను మాత్రం చీల్చలేకపోయారు. సరిహద్దు ఊళ్లలో రేడియో స్వర్ణయుగం అంటే అసలు అర్థం ఇదే.

చిరాగ్ అలీ గల్లీలో పుట్టింది

ప్రపంచంలో రేడియో గొంతు విప్పింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ 1920 నవంబరు 2న అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చెప్పి చరిత్రకెక్కింది. బ్రిటన్‌లో బీబీసీ 1922లో మొదలైంది. మన దగ్గరా ఉత్సాహవంతులు ఆలస్యం చేయలేదు. మద్రాసులో సి.వి.కృష్ణస్వామి చెట్టి 1924లోనే రేడియో క్లబ్బు పెట్టి పాటలు, ప్రసంగాలు వినిపించారు. మూడేళ్లకే డబ్బు లేక ఆగిపోయింది. 1927లో బొంబాయి, కలకత్తాల్లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ స్టేషన్లు తెరిచింది. అదీ 1930లో మూతపడితే సర్కారే నెత్తికెత్తుకుంది. దానికే 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు.

సగరోళికి మాత్రం ఈ కథ హైదరాబాద్ నుంచి మొదలవుతుంది. అప్పట్లో నాందేడ్ జిల్లా నిజాం రాజ్యంలోదే. హైదరాబాద్ చిరాగ్ అలీ లేన్‌లో తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ 1930ల మొదట్లో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో సొంతంగా ప్రసారాలు మొదలుపెట్టారు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే రెండు పాత బల్బులు కాల్చుకునేంత కరెంటు! 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతికి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఉర్దూకు పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు కొంత కొంత సమయం. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగైనా, రేడియోలో దాని వాటా చిన్నదే.

మరాఠీ జిల్లాల కోసం ఔరంగాబాద్‌లో, అంటే ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్‌లో, నిజాం సర్కారు ఇంకో చిన్న కేంద్రం పెట్టింది. అయితే వినేవాళ్లెవరు? వాల్వు రేడియో ఖరీదు మామూలు రైతు కలలోకి కూడా రానిది. ఊళ్లో కరెంటు లేదు. బండంత బ్యాటరీ కావాలి. దేశ్‌ముఖ్ గఢీలోనో, పెద్ద సాహుకారు ఇంట్లోనో, సర్కారు కచేరీలోనో ఒకటి ఉంటే ఉన్నట్టు. రేడియో వినడం అప్పటికి వినోదం కాదు, హోదా.

ఒక్క ప్రసంగం... రాజ్యం తలరాత

రేడియో అంటే ఏమిటో ఈ ప్రాంతానికి బాగా తెలిసింది 1948లో. ఏడాది పాటు రాజ్యమంతా అట్టుడికింది. ఒకవైపు రజాకార్లు, మరోవైపు స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహాలు, సరిహద్దు క్యాంపులు. దక్కన్ రేడియో ఒకటి చెప్పేది, ఆలిండియా రేడియో ఇంకొకటి చెప్పేది. ఏది నిజమో తేల్చుకోవడం వినేవాడి తెలివి.

సెప్టెంబరు 13న భారత సైన్యం నలువైపుల నుంచి కదిలింది. అయిదు రోజుల్లో తేలిపోయింది. సెప్టెంబరు 17న మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాద్ రేడియోలో మాట్లాడారు. సైన్యానికి కాల్పులు ఆపమని చెప్పినట్టు ప్రకటించారు. ఏడు తరాల ఆసఫ్‌జాహీ పాలన ముగిసిందన్న సంగతి జనానికి తెలిసింది ఫర్మానాతో కాదు, గెజిట్‌తో కాదు... రేడియోతో. మరాఠ్వాడా జిల్లాలు ఇప్పటికీ ఆ తేదీనే ముక్తిసంగ్రామ దినంగా జరుపుకుంటాయి.

1950 ఏప్రిల్ 1న హైదరాబాద్, ఔరంగాబాద్ కేంద్రాలు రెండూ కేంద్ర ప్రభుత్వం కిందికి వచ్చాయి. ఔరంగాబాద్ స్టేషన్ కొన్నేళ్లకే మూతపడింది. హైదరాబాద్ స్టేషన్ మాత్రం పెరిగింది. 200 వాట్లతో మొదలైన నగర ప్రసారం కాలక్రమంలో 200 కిలోవాట్ల స్థాయికి చేరింది. అంటే వెయ్యి రెట్లు!

గీత గీశారు... అల ఆగలేదు

1956 నవంబరు 1. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. నాందేడ్ జిల్లాను బొంబాయి రాష్ట్రంలో కలిపారు. అదీ మొత్తంగా కాదు. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లను కోసి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. బిలోలి, ధర్మాబాద్, దెగ్లూర్ ఇటే మిగిలాయి. 1960 మే 1న అవి మహారాష్ట్రలోకి వచ్చాయి.

మేనత్త ఆ రాష్ట్రం, మేనకోడలు ఈ రాష్ట్రం! పెళ్లి సంబంధాలు, అంగడి బేరాలు ఎప్పటిలాగే నది దాటుతూనే ఉన్నాయి. కానీ బడి మారింది. దఫ్తరు మారింది. కోర్టు మారింది. రాజధాని హైదరాబాద్ నుంచి బొంబాయికి పోయింది. మారనిది ఒకటే... సాయంత్రం రేడియో ముల్లు ఆగే చోటు.

ఇందులో మాయ ఏమీ లేదు, దూరం లెక్కే. సగరోళికి హైదరాబాద్ సుమారు రెండు వందల కిలోమీటర్లు. మరాఠీ పలికే నాగపూర్ కేంద్రం 1948లోనే మొదలైనా అంతకంటే బాగా దూరం. 1953లో మొదలైన పుణె ఇంకా దూరం. బొంబాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. మరాఠ్వాడా గడ్డ మీద పర్భణీ ఆకాశవాణి వచ్చింది 1968లో. అంటే రాష్ట్రం మారాక దాదాపు పన్నెండేళ్ల పాటు ఇక్కడి చెవికి దగ్గరి పెద్ద స్టేషన్ హైదరాబాదే.

మీడియం వేవ్ అల నేలను పట్టుకుని పాకుతుంది. గుట్టలు, వాగులు దానికి అడ్డం కావు. పగలు వంద, రెండు వందల కిలోమీటర్లు హాయిగా పోతుంది. పొద్దుగూకాక ఇంకో చిత్రం జరుగుతుంది. ఆకాశంలో ఎత్తున అయనోస్ఫియర్ అనే పొర ఉంది. పగలు దాని అడుగుభాగం ఈ అలలను మింగేస్తుంది. ఎండ పోగానే ఆ అడుగుభాగం పలచబడుతుంది. అప్పుడు అల పైకి పోయి, పై పొరకు తగిలి, అద్దంలో వెలుగులా కిందికి దిగుతుంది. అందుకే రాత్రి ముల్లు తిప్పితే విజయవాడ, మద్రాసు, బొంబాయి, ఒక్కోసారి పేరు తెలియని ఊరు కూడా పలికేది. 'గరగర అంటున్నది, జర ఇటు తిప్పు' అని ఒకరు, 'గట్లనే ఉండనీ, మళ్లీ దొరకది' అని ఇంకొకరు... ప్రతి ఇంట్లో ఇదే గొడవ!

చావడి మీద రేడియో

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఆలిండియా రేడియోకు ఉన్నవి ఆరు కేంద్రాలు, 18 ట్రాన్స్‌మిటర్లు. దేశ విస్తీర్ణంలో నూటికి రెండున్నర వంతులకు, జనంలో నూటికి 11 మందికి మాత్రమే ప్రసారాలు అందేవి. లైసెన్సు ఉన్న సెట్లు మూడు లక్షలు కూడా లేవు. అమెరికాలో 1940 నాటికే నూటికి ఎనభైకి పైగా ఇళ్లలో రేడియో ఉంది. వాళ్లది ఇంటి రేడియో. మనది ఊరి రేడియో.

అందుకే పంచాయతీలకు సర్కారు సాయంతో రేడియోలు ఇచ్చే పద్ధతి వచ్చింది. చావడి మీద సెట్టు, చెట్టుకో స్తంభానికో లౌడ్‌స్పీకరు. సాయంత్రం వార్తల వేళకు అరుగు నిండేది. ఒక్క సెట్టుకు యాభై మంది శ్రోతలు. వార్తలు అయిపోయాక అసలు కథ మొదలు... విన్నదాని మీద వాదన.

ఆ వాదననే వ్యవసాయానికి పనికొచ్చేలా మలిచే ప్రయోగం 1956లో మహారాష్ట్ర పల్లెల్లోనే జరిగింది. యునెస్కో సాయంతో పుణె ఆకాశవాణి చేపట్టిన ఈ పనిలో 150 ఊళ్లలో రైతు శ్రోతల సంఘాలు పెట్టారు. వారానికి రెండు సార్లు చొప్పున పది వారాలు ప్రసారాలు. రైతులు కలిసి వినాలి, చర్చించాలి, సందేహాలు రాసి పంపాలి. స్టేషన్ వాళ్లు వచ్చే ప్రసారంలో జవాబు చెప్పాలి. 'వినండి, చర్చించండి, చేసి చూడండి' అన్నదే సూత్రం. అప్పటి ఆలిండియా రేడియో డైరెక్టర్ జనరల్ జె.సి.మాథుర్, పాల్ న్యూరాత్ కలిసి దాని ఫలితాలను 1959లో పుస్తకంగా తెచ్చారు. సంఘాలున్న ఊళ్లలో రైతులకు తెలిసిన విషయాలు బాగా పెరిగాయని తేలింది. ఆ ఏడాది నుంచే దేశమంతా ఈ సంఘాలను విస్తరించారు.

1966 నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ, గృహ విభాగాలు వచ్చాయి. కొత్త వంగడాలు, ఎరువు మోతాదు, పురుగు మందు... అన్నీ రేడియోలోనే. తమిళనాడులోని తంజావూరు రైతులైతే ఏడీటీ-27 అనే వరి రకాన్ని 'రేడియో వడ్లు' అని పిలిచేవారు. ఆ విత్తనం సంగతి వాళ్లకు రేడియోలోనే తెలిసింది మరి!

సరిహద్దు రైతుకు ఇక్కడో లాభం, ఓ తిప్పలు. హైదరాబాద్ నుంచి తెలుగులో చెప్పిన సలహా అర్థమవుతుంది. నేల కూడా ఒకటే, నల్లరేగడి. కానీ ఆ సలహాతో పాటు చెప్పిన రాయితీ, అప్పు, విత్తనాల డిపో ఆంధ్రప్రదేశ్ రైతుకే. మంజీర దాటితే చెల్లదు. విన్నది ఒక రాష్ట్రం మాట, చేతికందేది ఇంకో రాష్ట్రం సొమ్ము. ఇక్కడివాళ్లు రెండు స్టేషన్లూ వినడం అలవాటు చేసుకున్నది ఇందుకే.

చేతిలోకి వచ్చిన పెట్టె

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1954లో దానితో చేసిన తొలి జేబు రేడియో అక్కడి బజారుకొచ్చింది. మరుసటి ఏడాదే జపాన్ నుంచి సోనీ దిగింది. మన పల్లెకు ఆ వస్తువు బాగా చేరింది 1960ల రెండో సగం నుంచి. మర్ఫీ, బుష్, ఫిలిప్స్... ఏ పేరున్నా జనం పిలిచింది ఒకటే పేరు, 'ట్రాన్సిస్టరు'.

వాల్వు సెట్టు కట్టేసిన ఎద్దు లాంటిది. మేడ మీద జాలీ ఏరియల్, కింద ఎర్త్ తీగ, పక్కన బ్యాటరీ. ట్రాన్సిస్టర్ మేకపిల్ల. ఎక్కడికైనా వెంట వస్తుంది. నాలుగు టార్చిలైటు సెల్లులు వేస్తే వారాలు మోగుతుంది. సెల్లులు నీరసపడితే ఎండలో పెట్టి మళ్లీ వేయడం అందరికీ తెలిసిన చిట్కా. అరక దున్నేవాడి భుజానికి, సైకిల్ హ్యాండిల్‌కు, టీ కొట్టు మేకుకు రేడియో వేలాడింది. పెళ్లి కట్నాల్లో సైకిలు, వాచీ పక్కన రేడియో చేరింది.

ఆడవాళ్లకు ఇది పెద్ద మార్పు. చావడి రేడియో మగవాళ్లది. అరుగెక్కి కూర్చుని వినే వీలు ఏ కోడలికి ఉంది? ట్రాన్సిస్టర్ వంటింటి గూట్లోకి వచ్చాక మహిళల కార్యక్రమం, నాటకం, పాట ఇంటి ఇల్లాలి చెవిన పడ్డాయి. బడి ముఖం చూడని అవ్వకు ఢిల్లీలో ఏం జరుగుతోందో తెలియడం మొదలైంది అప్పుడే.

సెట్టుకు లైసెన్సు తప్పనిసరి. పోస్టాఫీసులో ఏడాదికోసారి డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1970ల తొలినాళ్లకు దేశంలో ఈ లైసెన్సులు కోటి దాటాయి. లైసెన్సు లేకుండా చాటుగా వినే సెట్ల లెక్క వేరే! 1980ల మధ్యకల్లా ఈ లైసెన్సు పద్ధతినే ఎత్తేశారు. అమెరికా రేడియో స్వర్ణయుగాన్ని టీవీ 1950ల్లోనే మింగేసింది. మన స్వర్ణయుగం సరిగ్గా అప్పుడే మొదలై, ఇంకో ముప్పై ఏళ్లు నడిచింది.

పాటకు సిలోన్... మాటకు ఆకాశవాణి

1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కు శాస్త్రీయ సంగీతం మీద అపారమైన మక్కువ. సినిమా పాట అంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాటల సమయం తెగ్గోశారు. శ్రోతలు మారు మాట్లాడలేదు, ముల్లు తిప్పేశారు... సిలోన్‌కు!

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం కొలంబోలో పెట్టిన పెద్ద షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ ఆ తర్వాత రేడియో సిలోన్ చేతికొచ్చింది. 1952 చివర్లో మొదలైన బినాకా గీత్‌మాలాతో అమీన్ సయానీ గొంతు దేశమంతా మార్మోగింది. బుధవారం రాత్రి 8 గంటలైతే రోడ్లు బోసిపోయేవి. 2024 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసినప్పుడు ఆ తరమంతా ఆ బుధవారాలనే తలచుకుంది. సిలోన్‌లో తెలుగు పాటలూ వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై అనే పేరు తెలుగు శ్రోతలకు ఇంటి మనిషి పేరు. సముద్రం అవతల దేశం నుంచి తెలుగు పాట వస్తుంటే, నది అవతలి నుంచి రావడం ఓ వింతా?

నష్టం గ్రహించిన ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతి తెచ్చింది. పాటలు కోరుతూ శ్రోతలు కార్డులు రాసేవారు. పేరు, ఊరు రేడియోలో చదివితే ఆ వారమంతా పండగే. ఇక్కడే సరిహద్దు శ్రోతకు అక్షరం అడ్డొచ్చింది. తెలుగు వింటాడు, పాడతాడు, రాయలేడు. తెలుగులో కార్డు రాయాలంటే తెలిసినవాళ్లెవరినైనా బతిమాలాలి. విన్నవాళ్లలో ఎంతమంది పేర్లు ఆ స్టేషన్ల దాకా చేరకుండానే పోయాయో!

రెండు భాషల రామాయణం

మాట విషయంలో ఆకాశవాణికి సాటి లేదు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన తొలితరంలో కొంగర జగ్గయ్య ఒకరు. సినిమాల్లోకి రాకముందే ఆ కంచు కంఠం ఇంటింటికీ తెలుసు. హైదరాబాద్ కేంద్రంలో దేవులపల్లి కృష్ణశాస్త్రి, దాశరథి లాంటి కవులు పనిచేశారు. హైస్కూలు చదువు కూడా పూర్తి చేయని రావూరి భరద్వాజ అదే కేంద్రంలో కొలువు చేసి, 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ్ అందుకున్నారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి పిల్లలకు ఆటపాటలు నేర్పారు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, బాలయ్య, ఏకాంబరం కబుర్లు వింటుంటే పక్కింటివాళ్లు మాట్లాడుతున్నట్టే ఉండేది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ రామాయణ, భారతాలు చెబుతుంటే పనులు ఆపి వినేవారు.

అటు మరాఠీలోనూ అంతటి సంబరమే. పుణె కేంద్రం 1955 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి పైగా వారం వారం గీత్ రామాయణ్ ప్రసారం చేసింది. గ.ది.మాడ్గూళ్‌కర్ రాసిన 56 పాటలకు సుధీర్ ఫడ్కే బాణీలు కట్టారు. పాట మొదలయ్యే ముందు రేడియోకు పూలదండ వేసి, అగరుబత్తి వెలిగించిన ఇళ్ల గురించి మరాఠీ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. రాముడి కథ ఒక స్టేషన్‌లో పాటగా, ఇంకో స్టేషన్‌లో మాటగా. రెండూ అర్థమయ్యే అదృష్టం సరిహద్దువాళ్లదే.

మంచి ఒక్కటే చెబితే కథ సగమే అవుతుంది. రేడియో తెలుగు ఎక్కువగా పుస్తకాల తెలుగు. ఉర్దూ, మరాఠీ కలిసిన మంజీర ఒడ్డు మాట అందులో వినిపించింది అరుదు. 'మన తెలుగు తప్పేమో' అన్న శంక కూడా రేడియో పెట్టిందే. పైగా అది ఒకవైపు గొట్టం. అటు నుంచి ఇటే మాట. ఇటు నుంచి అటు లేదు. భాషను నిలబెట్టింది గానీ, అక్షరాన్ని నేర్పలేదు. ఆ పని బడిది. సగరోళిలో 1959 నుంచి సంస్కృతి సంవర్ధన్ మండల్ విద్యాసంస్థలు నడుపుతోంది. కృషి విజ్ఞాన కేంద్రమూ దాని ఆధ్వర్యంలోనే ఉంది. ఇక్కడి పిల్లలకు చదువు, రైతులకు సలహా ఊళ్లోనే దొరుకుతున్నాయి, మరాఠీలో. తెలుగు మాత్రం ఇంటి వరకే.

ఎఫ్‌ఎం వచ్చింది... దూరం తగ్గింది

1982 ఆసియా క్రీడలతో టీవీ రంగులు పూసుకుంది. 1987లో దూరదర్శన్ రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున రేడియో గూట్లోనే ఉండిపోయింది. ఆకాశవాణి కూడా దారి మార్చింది. పెద్ద ఊళ్ల పెద్ద స్టేషన్లకు తోడు జిల్లాల్లో చిన్న స్టేషన్లు. ఆదిలాబాద్‌కు 1986లో స్థానిక కేంద్రం వచ్చింది. 1990-91 ప్రాంతంలో నిజామాబాద్‌కు 103.2, నాందేడ్‌కు 101.1 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్‌ఎం కేంద్రాలు మొదలయ్యాయి.

ఎఫ్‌ఎంలో గరగర లేదు. కానీ ఆ అల మీడియం వేవ్ లాగా నేల పట్టుకుని పాకదు, చూపు ఆనినంత మేరే పోతుంది. స్తంభం ఎత్తు, నడుమ గుట్టలు, సెట్టు ఉన్న చోటు... వీటిని బట్టే అందుతుంది. రెండు వందల కిలోమీటర్ల దూరపు మాట వినిపించే కాలం పోయి, జిల్లా మాట జిల్లాకే అన్న కాలం వచ్చింది. నాందేడ్ అల మరాఠీ, నిజామాబాద్ అల తెలుగు. ఆకాశవాణి కొన్నేళ్లుగా దేశమంతటా పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను తగ్గిస్తూ వస్తోంది. 1956లో గాలికి గీయలేని గీతను ఎఫ్‌ఎం కొంతవరకు గీసింది!

దీనికి విరుగుడు కూడా సరిహద్దు గడ్డ మీదే పుట్టింది. గాలి అలలు జనం ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ రేడియో పెట్టుకునే అనుమతి వచ్చింది. కర్ణాటక సరిహద్దులోని జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. మైకు ముందు కూర్చున్నది వ్యవసాయ కూలీలు, చిన్న రైతులు. మాట్లాడింది తమ ఇంటి తెలుగు. పెద్ద రేడియోలో చోటు దక్కని యాస, చిన్న రేడియోలో దర్జాగా పలికింది.

అదే పని మంజీర ఒడ్డున ఎందుకు కాకూడదు? తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వచ్చిన తాతలు, అవ్వలు ఇంకా ఉన్నారు. చావడి రేడియో ముచ్చట్లు, పోలీస్ యాక్షన్ నాటి వార్తలు, రేడియోలో విని నేర్చుకున్న పాటలు వాళ్ల నోట్లోనే ఉన్నాయి. పాత కార్యక్రమాలు చాలావరకు రికార్డు కాలేదు. అయినవాటిలోనూ ఎన్నో టేపులను చెరిపి మళ్లీ వాడుకున్నారు. ఇక మిగిలింది విన్నవాళ్ల జ్ఞాపకమే. ఒకప్పుడు ఈ పని చేయాలంటే స్టేషన్ కావాలి, లైసెన్సు కావాలి. ఇప్పుడు బడి పిల్లాడి చేతిలో సెల్‌ఫోన్ చాలు. దానికీ తెలుగు రాయడం రానక్కర్లేదు. 'చెప్పు తాతా' అని అడగడం వస్తే చాలు.

-------------------
తేదీల్లో రేడియో
-------------------
- 1924: మద్రాసులో రేడియో క్లబ్బు
- 1927: బొంబాయి, కలకత్తా కేంద్రాలు
- 1935 ఫిబ్రవరి 3: నిజాం ప్రభుత్వం చేతికి హైదరాబాద్ రేడియో
- 1936 జూన్ 8: ఆలిండియా రేడియోగా నామకరణం
- 1948 సెప్టెంబరు 17: రేడియోలో నిజాం ప్రసంగం
- 1948 డిసెంబరు 1: విజయవాడ కేంద్రం ప్రారంభం
- 1950 ఏప్రిల్ 1: కేంద్ర ప్రభుత్వం కిందికి హైదరాబాద్, ఔరంగాబాద్
- 1956: పుణె కేంద్రం పరిధిలో 150 ఊళ్లలో రైతు శ్రోతల సంఘాలు
- 1957 అక్టోబరు 3: వివిధ భారతి
- 1968: పర్భణీ కేంద్రం
- 1990-91: నిజామాబాద్, నాందేడ్ ఎఫ్‌ఎం కేంద్రాలు
- 2008 అక్టోబరు 15: మాచ్‌నూర్‌లో సంఘం రేడియో